రామప్ప గుడి దగ్గర అటెండెన్స్

పోయిన అక్టోబరులో ఒక రాత్రి మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. ముప్పై సెకన్లు ఉంటుందేమో. ఒక రెండంతస్తుల ఇంటి గోడ మీద జేసీబీ తొండం వాలింది. పచ్చ సున్నం వేసిన గోడ కాస్తా పిండిలా రాలింది. పక్కనుంచి ఎవరిదో గొంతు: "ఇగో... మన సెవెన్త్ క్లాసు పోయె."

ఆ గొంతు మా బ్యాచ్‌లో ఆటో నడిపేవాడిది. ఆ ఇల్లు మా స్కూలు.

గుడ్ మార్నింగ్ పూలు, పుట్టినరోజు కేకులు తప్ప ఇంకేం కదలని గ్రూపు అది. ఆ రాత్రి ఒంటిగంట దాకా మోగుతూనే ఉంది. డల్లాస్‌లో ఉన్నామె ఏడుపు మొహాలు పంపింది. బెంగళూరులో ఉన్నోడు "బ్రో, ఆ జామచెట్టు ఉందా పోయిందా" అని అడిగాడు. పోయిందట. తెల్లారేసరికి గ్రూప్ అడ్మిన్ ఒక ప్రకటన చేశాడు: "గెట్ టుగెదర్ పెట్టాల్సిందే. ఈ సంక్రాంతికి ఎవ్వరూ తప్పించుకోవద్దు."

పెడదాం సరే, ఎక్కడ?

ఇది చిన్న ప్రశ్న కాదు. ఆదివారం పేపర్లో జిల్లా పేజీ తిప్పండి. 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' వార్తలు నాలుగైనా ఉంటాయి. అన్నిట్లో ఒకే ఫొటో. స్కూలు బిల్డింగ్ ముందు మెట్ల మీద మూడు వరసలు, మధ్యలో కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న సార్లు. మళ్లీ పాత క్లాస్ రూముల్లో కూర్చోవడం, పాత బెంచీ వెతుక్కోవడం, ఎవరో ఒకరు కళ్లు తుడుచుకోవడం. ఆ తంతుకి బిల్డింగ్ కావాలి. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ లాంటివి ఉన్నాయి. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలైంది, 2023లో వందేళ్ల పండుగ చేసుకుంది. సత్య నాదెళ్ల, శంతను నారాయణ్ లాంటి వాళ్లు చదివిన బేగంపేట క్యాంపస్ అది. వందేళ్లు అయినా ఆ బిల్డింగ్ అక్కడే ఉంటుంది, ఎప్పుడు పోయినా ఆ మెట్లు ఉంటాయి.

మాది అట్లాంటి ప్రైవేటు స్కూలు కాదు. హనుమకొండలో ఒక సందులో కిరాయి ఇల్లు. కింద ఎల్‌కేజీ నుంచి థర్డ్ దాకా, పైన ఫోర్త్ నుంచి ఎయిత్ దాకా, డాబా మీద రేకుల షెడ్డులో నైన్త్, టెన్త్. ఒంటిపూట బడులు మొదలయ్యేదాకా ఆ రేకుల కింద మా తలలు ఉడికేవి. గ్రౌండు అంటే ఆ సందే. కబడ్డీ ఆడుతుంటే పాల బండి వస్తే కూత ఆపి దారి ఇవ్వాలి. నెలకు 250 రూపాయల ఫీజు. టై కట్టుకుని, బూట్లు వేసుకుని ఆ సందులో నడుస్తుంటే మా అమ్మానాన్నలకు మేం కలెక్టర్లమే. కరోనా టైంలో మూతపడ్డ ఆ బడి మళ్లీ తెరుచుకోలేదు. ఓనరు స్థలం అమ్ముకున్నాడు. ఇప్పుడక్కడ షాపింగ్ కాంప్లెక్స్ లేస్తోంది.

అందుకే ఎక్కడ కలవాలో ఎవరికీ తెలియలేదు. ఫంక్షన్ హాల్ అన్నారు, రిసార్ట్ అన్నారు, ఒకడైతే గోవా అన్నాడు (వాడికి ఏ ప్రశ్నకైనా అదే జవాబు). అప్పుడు నేను నా పాత ఆల్బమ్‌లోంచి ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టాను.

2008 జనవరి. రామప్ప గుడి ముందు నంది. నంది చుట్టూ నీలం చొక్కాల్లో మేం నైన్త్ క్లాసు పిల్లలం. రీలు కెమెరాతో తీసింది, అంచులు ఎర్రబారాయి. వెనకాల బాల్‌పెన్నుతో నేనే రాసుకున్నాను: 'మనమందరం, పాలంపేట, వరంగల్ జిల్లా.'

"మన బడి ఉన్న చోటు పోయింది. కానీ మనమందరం కలిసి నిలబడ్డ చోటు ఇంకొకటుంది" అని కింద రాశాను. పెద్ద డైలాగ్ కొట్టానని ఆ రాత్రి చాలా సంబరపడ్డాను కూడా. తంబ్స్ అప్‌లు వర్షంలా పడ్డాయి.

సార్ దొరకడం ఇంకో కథ. మా ఫస్ట్ ర్యాంకర్ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతోంది. మీలో పోటీ పరీక్షలు రాసేవాళ్లకు తెలిసే ఉంటుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత తెలంగాణలో లోకల్ ఎవరు అన్నది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. అంటే సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు చిన్నప్పటి బోనఫైడ్ కావాలి. బడే లేకపోతే బోనఫైడ్ ఎవరిస్తారు? ఆమె చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఎంఈఓ ఆఫీసులో ఒక క్లర్కు పాత ఫైలు తీశాడు. అందులో మా బడి అడ్మిషన్ రిజిస్టర్లు అప్పగించినట్టు ఒక లెటర్ ఉంది. రిజిస్టర్లు ఎన్ని, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఒక్కోదాంట్లో ఎన్ని పేజీలు... అన్నీ వరస నంబర్లు వేసి రాసి ఉన్నాయి. కింద సంతకం మా పీఎస్ సార్‌ది. ఫిజికల్ సైన్స్ చెప్పే సార్‌ని అట్లనే పిలిచేవాళ్లం. పక్కన ఫోన్ నంబర్.

ఆమె అక్కడే నిలబడి ఫోన్ చేసింది. సార్ సొంతూరికి వెళ్లిపోయారట. వెంకటాపూర్ మండలంలో, పాలంపేటకు ఆరేడు కిలోమీటర్లు. ఇక స్థలం గురించి ఎవరూ మాట్లాడలేదు.

సంక్రాంతి ముందు ఆదివారం, పొద్దున్నే ఆరున్నరకు హనుమకొండ నుంచి రెండు టెంపో ట్రావెలర్లలో బయల్దేరాం. పద్దెనిమిది మందిమి. మిగతావాళ్లు సొంత కార్లలో. పాలంపేట హనుమకొండకు అటూ ఇటూగా 70 కిలోమీటర్లు. ఆత్మకూరు, మల్లంపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెట్లు చిక్కబడతాయి. జాకారం దగ్గర గట్టమ్మ తల్లి గుడి. మేడారం పోయేవాళ్లు మొదట ఇక్కడ కొబ్బరికాయ కొట్టి ముందుకు కదులుతారు. పెద్ద జాతర లేని ఏడాది కాబట్టి ఖాళీగా ఉంది. అయినా మా డ్రైవర్ బండి ఆపాడు. ఆపకపోతే టైర్ పంచరవుతుందని అతని నమ్మకం. దిగి దండం పెట్టుకుని, టీ తాగి ఎక్కాం.

ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరగాలి. అక్కడి నుంచి దారి మొహం మారిపోతుంది. పత్తి ఏరడం అయిపోయి కట్టెలు మిగిలిన చేన్లు, ఎర్రగా ఆరబోసిన మిర్చి కళ్లాలు, యాసంగి నాటు కోసం దమ్ము చేస్తున్న ట్రాక్టర్ల వెనక కొంగలు. కిటికీ తెరిస్తే మిర్చి ఘాటుకు బండిలో సగం మంది తుమ్మారు.

దారిలో ఒకటి గమనించాను. నా ఫొటో వెనక 'వరంగల్ జిల్లా' అనుంది కదా. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాలంపేట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి పోయింది. 2019లో ములుగు జిల్లా అయ్యింది. ఊరు ఉన్నచోటే ఉంది, బోర్డులు మారాయి. పక్కనోడికి చెప్తే "మస్తుగ చెప్పినవ్, సకినం తిను" అని నోట్లో కుక్కాడు.

గుడి దగ్గరికి చేరేసరికి తొమ్మిదైంది. అప్పుడు మేమొచ్చినప్పుడు ఇక్కడ ఇంత మంది ఉండేవాళ్లు కాదు. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాక రామప్ప దశ తిరిగింది. తెలంగాణలో ఆ గుర్తింపు వచ్చిన మొదటి కట్టడం ఇదే. ఇప్పుడు సెల్ఫీ స్టిక్కులు, ప్రీ వెడ్డింగ్ జంటలు, రీల్స్ తీసే పిల్లలు. తప్పేం లేదు, మేం మాత్రం నంది చెవులు పట్టుకుని దిగలేదా అప్పుడు?

సార్ మాకన్నా ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పక్కన పాత టీవీఎస్ ఎక్సెల్. తెల్ల చొక్కా అదే, ఇస్త్రీ అదే, మనిషి సగమయ్యారు. చెయ్యి పట్టుకుంటే అరచేయి రాయిలా ఉంది. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి అట్లా ఉండదు.

"నమస్తే సార్... గుర్తు పట్టిండ్రా?" అన్నాను.

"లీడర్‌వి గదరా నువ్వు. నోట్సుల లెక్క రాసిన కాపీ కొట్టుడు కూడ గుర్తున్నది" అన్నారు. అందరూ నవ్వారు. అవును, నేను క్లాస్ లీడర్‌ని. ఈ సంగతి మీరు కూడా గుర్తు పెట్టుకోండి.

చెప్పులు విప్పి లోపలికి నడిచాం. పొద్దుటి ఎండలో గుడి ఎర్రగా ఉంటుంది. గోడలు ఇసుకరాయివి. మనిషి ఎత్తున ఉండే నక్షత్రం ఆకారపు అరుగు మీద గుడి నిలబడి ఉంటుంది. చుట్టూ గోడ కింద వరసలో ఏనుగులు నడుస్తుంటాయి. తిరిగి తిరిగి లెక్క పెట్టినా ఒక ఏనుగు ఇంకో ఏనుగులా ఉండదంటారు. గుమ్మాల దగ్గర చూరు కింద నల్లరాతి మదనికలు. ఎర్ర గుడికి నల్ల నగలు పెట్టినట్టుంటాయి. పామును ఒంటికి చుట్టుకున్న నాగిని ముందు మా వాళ్లంతా ఆగిపోయారు. ఎత్తు మడమల చెప్పులేసుకున్న ఒకామెను వెతికి పట్టుకుని "ఎనిమిది వందల ఏండ్ల కిందనే హీల్స్ ఏసిందే" అని అమ్మాయిలు ఫొటోలు దిగారు. అప్పుడు కూడా సరిగ్గా అక్కడే, అదే మాట అన్నారు. మా వాళ్లలో కొత్తగా వచ్చిన తెలివి ఏం లేదు.

లోపల రంగమండపంలో నాలుగు నల్ల స్తంభాలు అద్దంలా మెరుస్తాయి. నేల మాత్రం ఎగుడుదిగుడుగా అలలాడుతూ ఉంటుంది. కళ్లు మూసుకుని నడిస్తే పాదాలకు తెలుస్తుంది. సార్ అక్కడే ఆగారు. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది, చాక్‌పీస్ కోసమేమో.

"చెప్పున్రి, నేల ఎందుకు కుంగింది? గుడి ఎందుకు పడలే?"

ముప్పై ఏళ్లు దాటిన వాళ్లం, ఒక్కరూ పలకలేదు. ఈఎమ్ఐలు కట్టే మొహాలన్నీ దించుకుని నిలబడ్డాం. హోంవర్క్ చేయనప్పుడు నిలబడ్డట్టే.

ఆయనే చెప్పారు. పునాది కోసం తవ్విన గోతిని ఇసుకతో నింపి దాని మీద కట్టారు. ఇప్పుడు శాండ్‌బాక్స్ అంటున్నది దాన్నే. భూమి అదిరితే ఆ అదురును కొంత ఇసుక తాగేస్తుంది. పదిహేడో శతాబ్దంలో భూకంపం వచ్చిందంటారు. రాళ్లు సర్దుకున్నాయి, నేల వంగింది, గుడి నిలబడింది. బయటికొచ్చి విమానం చూపించారు. కింద అంతా రాయి, పైన గోపురం మాత్రం ఇటుక. మామూలు ఇటుక కాదు, నీళ్లలో వేస్తే తేలేది.

"నైన్త్‌ల ఇక్కడనే అడిగిన. ఇటుక ఎందుకు తేలుతది అంటే ఇగో వీడు దేవుని మహిమ అన్నడు" అని మా ఆటోవాడిని చూపించారు.

"ఇప్పుడు చెప్తా సార్. సాంద్రత. ద్రవ్యరాశి బై ఘనపరిమాణం. నీళ్ల కన్నా తక్కువుంటే తేలుతది" అన్నాడు వాడు ఒక్క గుక్కలో. పదిహేడేళ్లు ఆలస్యంగా వచ్చిన జవాబుకి మేమంతా చప్పట్లు కొట్టాం. అటుపక్క రీల్ తీసుకుంటున్న పిల్లలు ఏమైందోనని చూశారు.

ఈ గుడిని కట్టించింది కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 1213 నాటి శాసనం ఆ సంగతి చెబుతుంది. పని దాదాపు నలభై ఏళ్లు సాగి ఉంటుందని అంచనా. కానీ జనం పిలిచేది రేచర్ల రుద్రుడి గుడి అని కాదు. రామప్ప అనే శిల్పి చెక్కాడు కాబట్టి రామప్ప గుడి అంటారు. లోపలున్నది రామలింగేశ్వరుడు. కట్టించిన వాడి పేరు రాతి మీద, చెక్కినవాడి పేరు జనం నోట్లో. గోడల మీది నాట్య భంగిమలు చూసే నటరాజ రామకృష్ణ మరుగున పడ్డ పేరిణి తాండవానికి మళ్లీ ఊపిరి పోశారు. గణపతిదేవుడి దగ్గరే ఉన్న జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి కూడా ఆయనకు ఆధారం. అంటే రాయి చూసి డాన్స్ నేర్చుకోవచ్చన్నమాట. మా వాళ్లు ఆ ఫోజులు ట్రై చేసి నడుములు పట్టేశాయని కూర్చున్నారు. అది వేరే విషయం.

నంది దగ్గర పాత ఫొటో లాగానే మళ్లీ దిగుదామని ముందే అనుకున్నాం. ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఫోన్‌లో పెద్దది చేసి చూసుకుంటూ సర్దుకున్నాం. ఆ నందిని ఏ పక్క నుంచి చూసినా మనవైపే చూస్తున్నట్టు ఉంటుందని అందరూ చెప్తారు, నిజంగానే అట్లుంటుంది. సార్‌ని మధ్యలో నిలబెట్టాం. క్లిక్.

మధ్యాహ్నం భోజనాలు చెరువు కట్ట దగ్గర. గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు. కాకతీయుల కాలపు లెక్క ఇదే: గుడి, చెరువు, ఊరు ఒక్కసారే. గుట్టల మధ్య కట్ట వేసి నీళ్లు ఆపారు. ఎనిమిది శతాబ్దాల తర్వాత కూడా కింద పొలాలు ఈ నీళ్ల మీద పండుతున్నాయి. మీరు రామప్ప వస్తే గుడి చూసి గంటలో వెనక్కి తిరగకండి. కట్ట మీద గాలికి ఒక సాయంత్రం కూర్చోండి. పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, బోటు ఉంది.

బగారా అన్నం, చికెన్, పప్పుచారు. ఎవరో తెచ్చిన సర్వపిండి. తిన్నాక అడ్మిన్ లేచి గొంతు సవరించుకున్నాడు. శాలువా కప్పాడు. మెమెంటో ఇచ్చాడు. తర్వాత కవరు తీశాడు. మేమంతా కలిసి వేసుకున్న అరవై వేలు. సార్ కవరును చూశారు, తీసుకోలేదు.

"ఎందుకురా ఇది?"

ఎవరికీ ఏం చెప్పాలో తెలియలేదు. మాకు తెలుసు కాబట్టి ఇస్తున్నాం అని చెప్పలేం కదా. 2020 మార్చిలో బడులు మూశాక ఫీజులు రాలేదు. మొదట సగం జీతం, తర్వాత అదీ లేదు. సార్ ఊరికొచ్చి ఉపాధి హామీ పనికి పోయారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇస్తామంటే లైన్లో నిలబడి తీసుకున్నారు. ఇప్పుడు రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తున్నారు. సాయంత్రం ఊరి పిల్లలకు ట్యూషన్. ఇవన్నీ ఆయనే చెప్పారు, వేరే ఎవరి గురించో చెప్పినట్టు. "గడ్డపార పట్టినప్పుడు మొదటి వారం బొబ్బలు లేస్తయి. తర్వాత అలవాటైతది. నా పాత స్టూడెంటే మేట్. సార్ మీరు నీడకు కూసోన్రి అనేటోడు. కూసుంటే కూలి ఎట్ల పడ్తది?"

"జీతం రానప్పుడు కూడ రిజిస్టర్లు మీరెందుకు మోసిండ్రు సార్?" అని ఫస్ట్ ర్యాంకర్ అడిగింది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నమని ఓనరు ఫోన్ చేసిండు. పోయి చూస్తే కాగితాలన్ని కుప్ప పోసున్నయి. పాత పేపర్ల బండి వచ్చి నిలబడ్డది. ఎన్ని పేర్లే అండ్ల! ఆటో మాట్లాడుకుని ఎంఈఓ ఆఫీసుల ఇచ్చి రసీదు తీసుకున్న." అంతే. ఇంకేం చెప్పలేదు. ఆటో కిరాయి ఎంతో కూడా చెప్పలేదు.

తర్వాత సంచిలోంచి ఒక నల్ల అట్ట డైరీ తీశారు. "రిజిస్టర్లు సర్కారుకు ఇచ్చిన. ఇది నా సొంతం. నైన్త్ క్లాస్ టీచర్ డైరీ. 2007-08. అటెండెన్స్ తీసుకుందామా?"

ఈలలు వేశాం. కట్ట కింద చెట్టు నీడలో వరసగా కూర్చున్నాం, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, ఎవరూ చెప్పకుండానే. ఒకటి. ప్రెజెంట్ సార్. రెండు. ప్రెజెంట్ సార్. మూడో నంబర్ అమెరికా, వీడియో కాల్లో నిద్ర మొహంతో ప్రెజెంట్ చెప్పింది. పదహారు. ప్రెజెంట్ సార్.

"పదిహేడు."

నిశ్శబ్దం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పదిహేడు ఎవరు?

సార్ పేరు చదివారు. ఆ పేరు ఇక్కడ రాయను. రెండు మూడు సెకన్లు ఎవరికీ వెలగలేదు. తర్వాత ఒకామె "అరే, రెండు జడలు... మూడో బెంచీ... నైన్త్ కాంగనే బడి మానేసింది" అంది. గ్రూపులో లేదు. ఎవరి దగ్గరా నంబర్ లేదు. ఎవరో పాత ఫొటో తీసి వెతికారు. ఫొటోలో కూడా లేదు.

"ఎక్స్‌కర్షన్‌కు రాలేదు గద ఆమె" అన్నారు సార్, పేజీ తిప్పుతూ. "ఇగో లిస్టు."

డైరీ నా పక్క నుంచే పోతోంది. చూశాను. ఎక్స్‌కర్షన్ ఫీజు లిస్టు. మనిషికి 180 రూపాయలు. ముప్పై నాలుగు పేర్లు, ముప్పై మూడు టిక్కులు. పదిహేడు ఎదురుగా ఇంటూ మార్కు, పక్కన 'రాదు' అని ఒక మాట. చేతిరాత సార్‌ది కాదు. గుండ్రంగా, తలకట్లు లేపి రాసిన ఆ అక్షరాలు నావి. ఫీజులు వసూలు చేసింది లీడర్‌ని కాబట్టి నేనే.

మొత్తం గుర్తొచ్చింది. ఆమె మూడు రోజులు "రేపు తెస్తా" అంది. నాలుగో రోజు పొద్దున ప్రేయర్ కాగానే నేను డాబా మీద అందరి ముందు అన్నాను: "పైసల్లేనోళ్లు ముందుగాల్నే చెప్పాలె. లిస్టు ఖరాబైతది." లిస్టు ఖరాబవుతుందట. ఆమె ఏం అనలేదు. నేను ఇంటూ పెట్టాను, స్కేలుతో, నీట్‌గా.

ఆ ఫొటో వెనకాలే కదా నేను 'మనమందరం' అని రాసింది. అక్టోబరులో గ్రూపులో కూడా మళ్లీ అదే మాట.

సార్‌కి తెలిసి చేశారో తెలియక చేశారో నాకు తెలీదు. ఆయన పద్దెనిమిదికి వెళ్లిపోయారు. నా వంతు వచ్చినప్పుడు ప్రెజెంట్ అనడానికి గొంతు రాలేదు. పక్కవాడు నా బదులు చెప్పాడు.

అటెండెన్స్ అయ్యాక నేను సార్ దగ్గరికి వెళ్లి ఆ పేజీ చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశారు. "నాకు చెప్తే నేను కట్టెటోన్ని గదరా" అన్నారు. కోపంగా కాదు. కొంచెం ఆగి, "నేనూ అడగలే. క్లాస్ టీచర్ని, అడగాల్సుండె" అన్నారు. ఇద్దరం కాసేపు చెరువు వైపు చూస్తూ నిలబడ్డాం. నీళ్ల మీద ఒక బోటు గిర్రున తిరుగుతోంది, నడిపేది మా గోవావాడే.

కవరు సంగతి తేలలేదు. అడ్మిన్ వదల్లేదు, సార్ తీసుకోలేదు. వాదన పెద్దదైంది. పాప ఫీజు అని కొందరు, మిర్చి పెట్టుబడి అని కొందరు, ఇచ్చింది వెనక్కి తీసుకోవడం ఏంటని ఇంకొకరు. చివరికి సార్ అన్నారు: "అంతగ ఇయ్యాలనుకుంటే ఎంఈఓ ఆఫీసుకు ఒక ఇనుప బీరువా కొనియ్యున్రి. మన రిజిస్టర్లు కిటికీ కింద చెక్క అల్మారాల ఉన్నయి. చెదలు ఆల్రెడీ ఒక మూల పట్టినయి." మా వాళ్లలో కొందరికి ఇది నచ్చలేదు. బీరువా పక్కన నిలబడి ఫొటో దిగితే ఏం బాగుంటుంది? నిజానికి నాకూ మొదట అట్లనే అనిపించింది. పండగ తర్వాత అడ్మిన్ ఆఫీసుకు పోయి అడిగాడు. దాతలు ఇస్తామంటే దరఖాస్తు పెట్టుకోవాలట. పెట్టాం.

తిరుగు దారిలో బండిలో పాటలు పెట్టారు. నేను ముందు సీట్లో ఆటోవాడి పక్కన కూర్చున్నాను. "వాళ్లు హసన్‌పర్తి దిక్కు పోయిండ్రని విన్నరా. ఆటో స్టాండ్ల అడుగుత" అన్నాడు వాడు. వాట్సాప్ గ్రూపులకు దొరకని మనుషులు ఆటో స్టాండుకు దొరుకుతారని వాడి ధీమా. పదిహేను రోజులు పట్టింది. హసన్‌పర్తి కాదు, కాజీపేట. బ్లౌజులు కుట్టే చిన్న షాపు.

ఫోన్ నేనే చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను కూడా. నా పేరు చెప్తే గుర్తు పట్టలేదు. "లీడర్‌ని" అంటే "ఓ... నువ్వా" అంది. ఆ 'ఓ'కి ఆ 'నువ్వా'కి మధ్య ఉన్న ఖాళీలో ఆమెకు అంతా గుర్తుందని నాకు అర్థమైంది. నేను రాసుకున్నది చదివినట్టే చెప్పాను. అవతల కుట్టు మిషన్ ఆగింది.

"పదేండ్ల కిందనే పోయొచ్చిన రామప్పకు" అంది ఆమె. "మా ఆయన, పిల్లలు, మేం మంచిగ తిరిగినం. బోటు గూడ ఎక్కినం." మళ్లీ కాసేపు ఏం మాట్లాడలేదు. నేను పెట్టేద్దామా అనుకుంటుండగా అడిగింది: "అవునూ, రిజిస్టర్లు ఉన్నయంటివి గద. నైన్త్ దాక చదివినట్టు కాగితం ఇస్తరా? ఓపెన్ టెన్త్ కట్టాల్నని రెండేండ్ల సంది అనుకుంటున్న. బడే లేదు, యాడ అడగాల్నో తెల్వలే."

ఫోన్ పెట్టేసి సార్‌కి మెసేజ్ చేశాను. ఆయన పొలంలో ఉన్నారేమో, సాయంత్రం దాకా బ్లూ టిక్ పడలేదు. ఏడున్నరకు జవాబు వచ్చింది, అక్షరం తప్పు లేకుండా:

'మూడో రిజిస్టరు, పేజీ 42. ఎంఈఓ ఆఫీసులో సోమవారం పదిన్నరకు అడగమను. ఆధార్ జిరాక్స్ తీసుకుపొమ్మను. నువ్వు కూడా వెంట వెళ్లు.'